కనిపించని దెబ్బ: ఇద్దరు అన్నదమ్ముల హాకీ పాఠం



పిల్లల వార్డులో పని చేసిన ప్రతి నర్సుకూ ఈ సంభాషణ అలవాటే. పన్నెండేళ్ల అబ్బాయి ఆటలో పడతాడు, తల నేలకు కొట్టుకుంటుంది. రక్తం రాదు. స్కాన్ తీస్తే ఏమీ లేదని వస్తుంది. మరునాడు తల్లి మా దగ్గరకు వచ్చి, "సిస్టరమ్మా, స్కాన్‌లో ఏమీ లేదన్నారు కదా. ఎల్లుండి వాడికి మ్యాచ్ ఉందంట, పంపించమంటారా?" అని అడుగుతుంది.

"వద్దమ్మా, ఇంకా తలనొప్పి అంటున్నాడు, కొన్నాళ్లు ఆగాలి" అంటే ఆమె ముఖంలో అనుమానం కనబడుతుంది. ఏమీ లేదని చెప్పినవాళ్లే ఆగమంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఆమె తప్పేమీ లేదు. ఆ అనుమానం తీర్చడానికి ఈసారి ఒక నిజమైన కథ చెబుతాను. అది మన దేశపు కథ కాదు, కెనడాలోని ఇద్దరు అన్నదమ్ములది. పేరు, బలం, డబ్బు, పెద్ద డాక్టర్లు అన్నీ అందుబాటులో ఉన్నవాళ్లు. అయినా తలకు తగిలిన దెబ్బలు వాళ్ల ఆటను మధ్యలోనే తుంచేశాయి.

ఈ హాకీ వేరు

హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్ గుర్తుకొస్తారు, పచ్చిక మైదానం గుర్తుకొస్తుంది. కెనడా, అమెరికాల్లో హాకీ అంటే మంచు మీద ఆడే ఐస్ హాకీ. కాళ్లకు ఉక్కు అంచున్న స్కేట్లు కట్టుకుని గడ్డకట్టిన నేల మీద జారుతూ ఆడతారు. బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. పక్ దగ్గరున్న ఆటగాడిని భుజంతో, ఒంటితో ఢీకొట్టి తప్పించడం ఆ ఆటలో నియమాల ప్రకారమే జరుగుతుంది. చుట్టూ గోడ ఉంటుంది. దాదాపు వంద కిలోల మనుషులు ఇద్దరు స్కూటరు వేగంతో ఎదురెదురుగా వచ్చి గుద్దుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అక్కడి పెద్ద పోటీ పేరు నేషనల్ హాకీ లీగ్, పొట్టిగా ఎన్.హెచ్.ఎల్. ప్రతి సంవత్సరం ఆ లీగ్‌లోని జట్లు వంతుల వారీగా కుర్రవాళ్ల పేర్లు పిలిచి తమ జట్టుకు ఎంచుకుంటాయి. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. మన ఐ.పి.ఎల్. వేలంలాగా ఇక్కడ పాట పాడరు. కానీ ఎవరిని ముందు పిలిస్తే వారి మీద అంత ఆశ ఉన్నట్టు. మొదటి పది పేర్లలో ఉన్న పద్దెనిమిదేళ్ల కుర్రవాడి మీద ఒక నగరమంతా కలలు కంటుంది.

అన్న ఎరిక్, తమ్ముడు బ్రెట్

ఎరిక్ లిండ్రోస్ 1973లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, లండన్ అనే పట్టణంలో పుట్టాడు. ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తు, నూరు కిలోలకు మించిన బరువు. అంత పెద్ద మనిషైనా వేగంగా ఆడేవాడు, చేతిలో నేర్పు ఉండేది. 1991 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు పిలిచిన పేరు అతనిదే. పిలిచిన క్విబెక్ జట్టుకు ఆడనని అతను పట్టుబట్టాడు. మరుసటి సంవత్సరం ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ జట్టు అతని ఒక్కడి కోసం అనేకమంది ఆటగాళ్లను, రెండు డ్రాఫ్ట్ వంతులను, పైగా 1.5 కోట్ల డాలర్లను ఇచ్చి తెచ్చుకుంది. 1994–95 సీజన్‌లో 46 ఆటల్లో 70 పాయింట్లు సాధించి లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చే హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. అప్పటికి అతనికి 22 ఏళ్లు.

తమ్ముడు బ్రెట్ లిండ్రోస్‌ను 1994 డ్రాఫ్ట్‌లో తొమ్మిదవ స్థానంలో న్యూయార్క్ ఐలాండర్స్ జట్టు తీసుకుంది. అతనూ అన్నలాగే పెద్ద ఒళ్లు, ఢీకొట్టి ఆడే రకం. కానీ తలకు దెబ్బ మీద దెబ్బ తగిలింది. 1996 మే నెలలో, ఇరవై ఏళ్ల వయసులో అతను ఆట మానేశాడు. ఎన్.హెచ్.ఎల్.లో మొత్తం ఆడినవి 51 ఆటలే.

ఎముక విరిగి ఆగిపోలేదు, మోకాలు చెడి ఆగిపోలేదు. బయటికి చూస్తే ఆరోగ్యంగా ఉన్న ఇరవై ఏళ్ల కుర్రవాడు. అతని ఆటను ఆపింది కంకషన్.

కంకషన్ అంటే ఏమిటి?

మన మెదడు పుర్రె లోపల నీటిలాంటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. కొబ్బరికాయలో నీళ్లున్నట్టు అనుకోండి. తలకు గాని, దవడకు గాని, ఒంటికి గాని గట్టి కుదుపు తగిలితే పుర్రె చటుక్కున ఆగుతుంది, లోపలి మెదడు మాత్రం వెంటనే ఆగదు. కదిలి, మెలితిరిగి, అదురుతుంది. ఆ అదురుకు నరాల కణాల లోపలి లవణాల సమతూకం తప్పుతుంది. దాన్ని సరిదిద్దుకోవడానికి మెదడుకు ఎక్కువ శక్తి కావాలి, సరిగ్గా అప్పుడే రక్తం సరఫరా తగ్గుతుంది. ఖర్చు పెరిగిన నెలలోనే జీతం తగ్గిన ఇంటి పరిస్థితి అది.

ఇక్కడ మూడు సంగతులు గమనించండి.

ఒకటి, సి.టి. స్కాన్‌లో రక్తస్రావం, ఎముక విరుపు వంటివి కనబడతాయి. కణాలు పని చేసే తీరులో వచ్చిన తేడా కనబడదు. స్కాన్ బాగుందంటే ప్రాణాపాయమైన రక్తస్రావం లేదని అర్థం. మెదడుకు ఏమీ కాలేదని దాని అర్థం కాదు.

రెండు, స్పృహ తప్పితేనే కంకషన్ అనుకోకండి. కంకషన్ అయినవారిలో ఎక్కువమందికి స్పృహ తప్పదు.

మూడు, లక్షణాలు వెంటనే రాకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత, మరునాడు కూడా మొదలవుతాయి. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, వెలుతురు, శబ్దం భరించలేకపోవడం, చూపు మసకబారడం, ఆలోచన మందగించడం, మరపు, ఊరికే చిరాకు, నిద్రలో తేడా ముఖ్యమైనవి.

దెబ్బ మీద దెబ్బ

తమ్ముడు ఆట మానేసిన రెండేళ్లకు, 1998 మార్చిలో, పిట్స్‌బర్గ్ జట్టుతో ఆడుతుండగా అన్నకు ఎన్.హెచ్.ఎల్.లో మొదటి కంకషన్ అయింది. తల వంచి పక్‌తో వస్తున్నప్పుడు ఎదుటి ఆటగాడు ఢీకొట్టాడు. ఎరిక్ 18 ఆటలకు దూరమయ్యాడు.

1999–2000 సీజన్‌లో దెబ్బలు వరుసగా తగిలాయి. 2000 మార్చిలో బోస్టన్ జట్టుతో ఆడినప్పుడు తలకు తగిలినా, తలనొప్పితోనే మరికొన్ని ఆటలు ఆడాడు. తర్వాత బయటి డాక్టరు చూసి కంకషన్ అని తేల్చారు. జట్టు సిబ్బంది తన దెబ్బను గుర్తించలేదని ఎరిక్ బహిరంగంగా అన్నాడు. ఆ నెలలోనే అతని కెప్టెన్ పదవి తీసేశారు.

తిరిగి రావాలని మే నెలలో సాధన మొదలుపెడితే, సాధనలోనే మరో కంకషన్. అయినా న్యూజెర్సీ డెవిల్స్‌తో జరుగుతున్న సెమీఫైనల్ వరుసలో ఆరవ ఆటకు దిగాడు, గోల్ కూడా వేశాడు. 2000 మే 26న ఏడవ ఆట. తల వంచుకుని నీలి గీత దాటుతుండగా స్కాట్ స్టీవెన్స్ భుజం అతని దవడకు తగిలింది. ఎరిక్ మంచు మీద కుప్పకూలాడు. అప్పటి నియమాల ప్రకారం అది తప్పు కూడా కాదు, రిఫరీ శిక్ష వేయలేదు.

తర్వాతి సీజన్ మొత్తం అతను ఆడలేదు. దెబ్బ ఒక కారణం, ఫ్లయర్స్‌తో చెడిన సంబంధం రెండో కారణం. 2001లో న్యూయార్క్ రేంజర్స్‌కు మారాడు. మొదటి ఏడు బాగానే ఆడినా, 2004లో మళ్లీ కంకషన్ అయింది. తర్వాత టొరంటో, డల్లాస్ జట్లకు మారాడు, మణికట్టు గాయమూ వచ్చింది. 2007 నవంబరులో, 34 ఏళ్లకు ఆట విరమించాడు.

మొత్తం 760 ఆటల్లో 865 పాయింట్లు. తక్కువేమీ కాదు. 2016లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం కూడా దక్కింది. కానీ 22 ఏళ్లకే లీగ్‌లో అత్యుత్తముడైనవాడు 27 ఏళ్ల తర్వాత మళ్లీ ఆ స్థాయికి చేరలేదు.

గాయం ఆటను ఎలా తినేస్తుంది?

కథలో దెబ్బలు మాత్రమే లెక్కపెడితే అసలు పాఠం తప్పిపోతుంది. ఆట పాడైన దారులు నాలుగు.

1. మొదటి దెబ్బ మానకముందే రెండవది. మానుతున్న మెదడుకు చిన్న కుదుపు కూడా పెద్ద నష్టం చేస్తుంది. ఒకసారి కంకషన్ అయినవారికి మళ్లీ అయ్యే అవకాశం ఎక్కువ.

2. పోయిన సాధన. ఇరవై నుండి ఇరవై ఏడు వరకు ఆటగాడు ఎదిగే వయసు. ఆ వయసులో నెలల తరబడి కూర్చుంటే తోటివాళ్లు దాటిపోతారు.

3. ఆట తీరు మార్చుకోలేకపోవడం. ఏ బలం చూసి ఎంచుకున్నారో అదే అతన్ని దెబ్బల్లోకి తోసింది. చిన్నప్పటి నుండి అందరికంటే పెద్దవాడు కాబట్టి తల ఎత్తి చూసుకుంటూ ఆడవలసిన అవసరం అతనికి అంతగా రాలేదు.

4. నమ్మకం చెడిపోవడం. విరిగిన చెయ్యికి కట్టు కనబడుతుంది, అందరూ జాలి పడతారు. తలనొప్పికి కట్టు ఉండదు. "నిజంగా నొప్పేనా?" అన్న ప్రశ్న మొదలైన రోజు నుండి ఆటగాడు చెప్పడం తగ్గిస్తాడు, దాచడం పెంచుతాడు. నలుగురిలో ఇదే అన్నిటికంటే ప్రమాదం.

ఎరిక్ జీవితంలో మరొక ఘట్టం చెప్పాలి. 1999 ఏప్రిల్ 1న నాష్‌విల్ నగరంలో ఆట ముగిశాక అతనికి ఛాతీలో నొప్పి వచ్చింది. లోపల రక్తం కారుతోందని ఎవరికీ తెలియదు. హోటలు గదిలో అతని ఒళ్లు పాలిపోయి ఉండడం చూసి తోటి ఆటగాడు కంగారుపడి సిబ్బందికి చెప్పాడు. ఆస్పత్రికి తీసుకువెళ్తే ఊపిరితిత్తి కుంగిపోయిందని, ఛాతీలో రక్తం నిండిందని తెలిసింది. పక్కనున్నవాడు నోరు తెరవడం వల్ల ఒక ప్రాణం నిలిచింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఇంకో కథకు ఇది అవసరం.

రోవన్ అనే అమ్మాయి

రోవన్ స్ట్రింగర్‌ది కెనడా రాజధాని ఒట్టావా. పదిహేడేళ్ల అమ్మాయి, తన హైస్కూలు రగ్బీ జట్టుకు కెప్టెన్. 2013 మే నెలలో ఆరు రోజుల వ్యవధిలో ఆమె తలకు మూడుసార్లు దెబ్బ తగిలింది. మొదటి దెబ్బల తర్వాత తలనొప్పి వచ్చింది. కంకషనేమో అని ఆమెకే అనుమానం కలిగి లక్షణాలు వెతికి చూసుకుంది, స్నేహితులకు సందేశాలు పంపింది. పెద్దవాళ్లెవరికీ చెప్పలేదు. మూడవ దెబ్బ తర్వాత స్పృహ కోల్పోయింది. నాలుగు రోజులకు చనిపోయింది. మొదటి దెబ్బ మానకముందే మరో దెబ్బ తగిలి మెదడు ఒక్కసారిగా వాచిపోవడం అరుదే గాని, పిల్లల్లో, యువకుల్లో అది ప్రాణం తీస్తుంది.

ఆమె తల్లిదండ్రులు ఊరుకోలేదు. మరో ఇంట్లో ఇలా జరగకూడదని ఒక చట్టం కోసం పని చేశారు. వాళ్లతో కలిసి నడిచినవారిలో ఎరిక్ లిండ్రోస్ ఒకడు. 2018లో ఒంటారియో ప్రభుత్వం రోవన్స్ లా అనే చట్టం చేసింది. కంకషన్ అనుమానం వస్తే పిల్లను వెంటనే ఆట నుండి తప్పించాలి, వైద్యుల అనుమతి లేకుండా తిరిగి దించకూడదు. ఎరిక్ ఆట విరమించిన రోజునే తన సొంత ఊరి ఆస్పత్రికి 50 లక్షల డాలర్లు విరాళం ఇచ్చాడు. మధ్యలో ఆగిపోయిన ఆటగాడు ఆ తర్వాత ఎంత పని చేయవచ్చో ఇక్కడ కనబడుతుంది.

ఎన్.హెచ్.ఎల్. కూడా మారింది. పక్క నుండి వచ్చి తలకు గురిపెట్టి కొట్టడాన్ని 2010లో నిషేధించారు. 2016 నుండి ఆటను టీవీల్లో గమనించే మనుషులను పెట్టారు. వారికి అనుమానం వస్తే ఆటగాడు బయటికి వచ్చి పరీక్ష చేయించుకోవాలి.

మనకు తెలిసిన క్రికెట్‌లో కూడా ఈ మార్పు చూశాం. 2019 ఆగస్టులో లార్డ్స్ మైదానంలో ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవ్ స్మిత్ మెడకు జోఫ్రా ఆర్చర్ బంతి తగిలింది. పరీక్షలు చేసి తిరిగి పంపారు, బ్యాటింగ్ చేశాడు. మరునాటికి లక్షణాలు బయటపడ్డాయి. వెంటనే తప్పించి మరొకరిని దించారు. తర్వాతి టెస్టు కూడా ఆడనివ్వలేదు. ఆ తర్వాతి టెస్టులో తిరిగి వచ్చి 211 పరుగులు చేశాడు. సరైన సమయంలో ఆగితే ఆట ఎక్కడికీ పోదు.

మన ఇంట్లో ఏం చేయాలి?

మన పిల్లలు మంచు మీద ఆడరు. కానీ కబడ్డీలో పడతారు, క్రికెట్ బంతి తగులుతుంది, బండి మీద నుండి పడతారు. మెదడుకు ఆట పేరు తెలియదు, కుదుపు ఒక్కటే తెలుసు.

ఆ క్షణంలో: ఆట ఆపించండి. ఆ రోజు మళ్లీ దించవద్దు. "మగపిల్లాడివి, ఇంత మాత్రానికేనా" అనవద్దు. మెడ నొప్పి అంటే కదిలించకుండా సహాయం పిలవండి.

ఈ గుర్తులుంటే 108కి ఫోన్ చేయండి, ఆలస్యం వద్దు:
– స్పృహ తప్పడం, లేపినా లేవకపోవడం, మత్తు పెరుగుతూ ఉండడం
– పదే పదే వాంతులు
– గంట గంటకూ ఎక్కువయ్యే తలనొప్పి
– ఫిట్స్
– చెయ్యి, కాలు పట్టు తప్పడం, మాట తడబడడం
– ఒక కంటిపాప పెద్దదిగా, ఒకటి చిన్నదిగా కనబడడం
– ముక్కు, చెవుల నుండి రక్తం గాని, నీరు గాని కారడం
– మనుషులను గుర్తుపట్టకపోవడం, వింతగా ప్రవర్తించడం
– పసిపిల్లలైతే ఏడుపు ఆపకపోవడం, పాలు తాగకపోవడం

మొదటి రెండు రోజులు: ఇంటి పట్టున నెమ్మదిగా ఉండాలి. చీకటి గదిలో రోజుల తరబడి పడుకోబెట్టనవసరం లేదు. ఇంట్లో తిరగవచ్చు. సెల్‌ఫోన్, టీవీ బాగా తగ్గించాలి. నొప్పికి పారాసిటమాల్ చాలు. డాక్టరు చెప్పకుండా ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటివి ఇవ్వవద్దు. ఒక పెద్దమనిషి కనిపెట్టుకుని ఉండాలి. బండి నడపకూడదు.

"నిద్రపోనివ్వకూడదు" అని మన పెద్దలు అంటారు. డాక్టరు చూసి, పైన చెప్పిన గుర్తులు లేవని చెబితే పిల్లవాడిని నిద్రపోనివ్వండి, నిద్ర మంచిదే. లేపితే లేవకపోవడం మాత్రం ప్రమాదం. అలాగే "బొప్పి బయటికి కట్టింది, ఇక లోపల భయం లేదు" అనేవాళ్లున్నారు. అది నిజం కాదు. బొప్పి కట్టినంత మాత్రాన లోపల ఏమీ కాలేదని చెప్పలేం.

తిరిగి ఆటకు, మెట్టు మెట్టుగా:
1. ఇంటి పనులు, కాసేపు చదువు
2. నడక, నెమ్మదిగా సైకిలు
3. ఒంటరిగా పరుగు, తలకు తగిలే ప్రమాదం లేని కసరత్తు
4. జట్టుతో సాధన, ఢీకొట్టడం లేకుండా
5. డాక్టరు అనుమతితో పూర్తి సాధన
6. మ్యాచ్

ఒక్కొక్క మెట్టు మీద కనీసం ఒక రోజు ఉండాలి. లక్షణాలు పెరిగితే ఆ రోజుకు ఆపి, ఒక మెట్టు కిందికి దిగండి. లక్షణాలు పూర్తిగా పోనిదే నాలుగవ మెట్టు ఎక్కవద్దు. ఆట కంటే ముందు బడి. చాలామంది పిల్లలకు నాలుగు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే మళ్లీ చూపించండి.

హెల్మెట్ గురించి ఒక మాట. అది పుర్రె పగలకుండా కాపాడుతుంది, ప్రాణం నిలుపుతుంది. బండి ఎక్కితే తప్పక పెట్టుకోవాలి. కాని లోపల మెదడు అదరకుండా పూర్తిగా ఆపలేదు. ఎరిక్ కూడా హెల్మెట్ పెట్టుకునే ఆడాడు.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి

1. మా బిడ్డకు తలనొప్పి వస్తే భయం లేకుండా మాకు చెబుతాడా? చెబితే మేము మొదట అనే మాట ఏమిటి?
2. స్నేహితుడికి దెబ్బ తగిలిందని తెలిస్తే పెద్దవాళ్లకు చెప్పడం చాడీ కాదని పిల్లలకు చెప్పామా? నాష్‌విల్‌లో చెప్పినవాడు ఉన్నాడు. రోవన్ విషయంలో పెద్దవాళ్లకు చెప్పినవాళ్లు లేకపోయారు.
3. పోటీ, పరీక్ష, మెడల్, వీటిలో దేనికోసమైనా బిడ్డను తొందరపెడుతున్నామా?

తమ్ముడు బ్రెట్ ఇరవై ఏళ్లకే ఆగాడు. ఆనాడు చాలామంది అయ్యో అనుకుని ఉంటారు. ఆట పోయింది, కానీ ముందున్న జీవితమంతా అతనికి మిగిలింది.

కాబట్టి ఈసారి ఏ తల్లైనా "సిస్టరమ్మా, పంపించమంటారా?" అని అడిగితే ఇలా చెబుతాను: "అమ్మా, మ్యాచ్ మళ్లీ వస్తుంది. వాడికి ఉన్న మెదడు ఒక్కటే. నొప్పి పూర్తిగా పోయిందని వాడే నోటితో చెప్పి, డాక్టరుగారు సరే అన్నాక పంపుదువు గాని. అంతవరకు వాడి మాట నమ్ము."